వరండాలో తేలే తీర్పు

క్యాన్సర్ ఆసుపత్రి ఓపీ ముందు కాసేపు నిలబడి చూడండి. లోపల ఆమె కూర్చుని ఉంటుంది, కొంగు నిండుగా కప్పుకుని. బయట వరండాలో భర్త, మరిది, పెద్దల్లుడు, ఫోన్‌లో డల్లాస్ నుంచి కొడుకు. ముక్క పరీక్ష రిపోర్టున్న కవరు వాళ్ల మధ్య చేతులు మారుతుంటుంది. డాక్టరు బయటికి రాగానే అందరిదీ ఒకటే మాట: "ఆమెకు మాత్రం చెప్పకండి సార్, తట్టుకోలేదు. ఏదో గడ్డ, తీసేస్తారని చెప్పాం. మొత్తం తీసేయండి, మళ్లీ రాకుండా." డాక్టరుకు ఇంకా నలభై మందిని చూసే పనుంది. తల ఊపుతాడు. కాగితం మీద సంతకం భర్త పెడతాడు. ఎవరి ఒంటి మీద కత్తి పడబోతోందో ఆ మనిషి ఒక్కతే ఆ పంచాయితీలో లేదు.

తట్టుకోలేదని ఎవరి గురించి అంటున్నాం? ఆమె పురుళ్లు తట్టుకుంది. మంచాన పడ్డ అత్తగారికి ఒకటికీ రెంటికీ ఎత్తిపోసింది. పంట పోయిన ఏడు మెళ్లో పుస్తెలతాడు తీసిచ్చి పసుపుకొమ్ము కట్టుకుని తిరిగింది. ఆమె తట్టుకోలేనిదేమైనా ఉంటే, అది మత్తు దిగాక కట్టు మీద చెయ్యి వేసుకుని, ఏం పోయిందో తనంతట తాను కనిపెట్టుకోవడం. నిజానికి తట్టుకోలేనిది మనం. ఆమె ఏడిస్తే చూడలేం, అడిగితే జవాబు చెప్పలేం. అందుకని ఆ బలహీనతేదో ఆమె ఖాతాలో రాసేశాం.

ఇదంతా ప్రేమతోనే చేస్తారని నాకూ తెలుసు. ప్రేమ కాబట్టే దీని గురించి మాట్లాడటం కష్టం. దుర్మార్గమైతే నాలుగు తిట్టి ఊరుకునేవాళ్లం.

తొలి దశ రొమ్ము క్యాన్సర్ అంటే గడ్డ రొమ్ములోనే ఉండి, లేదా మహా అయితే చంకలోని కొన్ని గ్రంథుల దాకా వెళ్లి, ఊపిరితిత్తుల జోలికీ కాలేయం జోలికీ ఎముకల జోలికీ పోని స్థితి. ఈ దశలో వైద్యం చేసేది నాలుగు రోజులు పొడిగించడానికి కాదు, నయం చేయడానికే. పైగా ఇది రాత్రికి రాత్రి తేల్చేయాల్సిన జబ్బు కూడా కాదు. రెండు మూడు వారాలు ఆలోచించుకోవడానికి, ఇంకో డాక్టరును అడగడానికి వ్యవధి ఉంటుంది. మన తీరే వేరు. గడ్డ చేతికి తగిలిన నాటి నుంచి ఆకు పసర్లతోనూ, పొడులతోనూ, "నొప్పి లేదుగా, ఉండనీ"తోనూ ఆరు నెలలు గడిపేసి, ఆసుపత్రికి చేరాక మాత్రం అయిదు నిమిషాల్లో తేల్చేస్తాం. ఆగాల్సిన చోట పరుగు, పరుగెత్తాల్సిన చోట ఆగడం.

అంతర్జాతీయ అంచనాల ప్రకారం 2022లో మన దేశంలో సుమారు 1.92 లక్షల మంది ఆడవాళ్లకు రొమ్ము క్యాన్సర్ కొత్తగా బయటపడింది. అదే ఏడాది ఆ జబ్బుతో పోయినవాళ్లు సుమారు 98 వేల మంది. దేశంలో పదకొండు క్యాన్సర్ రిజిస్ట్రీల వివరాలు కలిపి చూస్తే, గడ్డ రొమ్ముకే పరిమితమై ఉండగా దొరికిన వాళ్లలో నూటికి 81 మంది అయిదేళ్ల తర్వాత బతికే ఉన్నారు. జబ్బు ఒళ్లంతా పాకాక దొరికిన వాళ్లలో నూటికి 18 మందే. ఈ తేడా అందరికీ తెలిసిందే. నన్ను నిలదీసే తేడా ఇంకొకటి ఉంది. రొమ్ముకే పరిమితమైన అదే జబ్బుకు అమెరికాలో అయిదేళ్లు బతికేవాళ్లు నూటికి 99 మంది దాకా ఉన్నారు. అక్కడ మామోగ్రామ్ అనే రొమ్ము ఎక్స్‌రేలో, చేతికి తగలక ముందే పట్టుబడేవి ఎక్కువ కనుక మొత్తం తేడాను నిర్లక్ష్యం కింద జమకట్టలేం. అలాగని మొత్తాన్ని మామోగ్రామ్ మీదికి నెట్టేయనూ లేం. సకాలంలో వచ్చాక కూడా పోయినవాళ్లలో కొందరు సగంలో ఆగిన వైద్యం వల్ల పోయారు. ఆ సగంలో ఆపింది ఎవరో మన ఇళ్లలోనే వెతుక్కోవాలి.

వైద్యం కూడా ఒకప్పుడు ఈ వరండాలాగే నడిచింది. పందొమ్మిదో శతాబ్దం చివర బాల్టిమోర్‌లో విలియం హాల్‌స్టెడ్ అనే సర్జన్ ఒక ఆపరేషన్ ప్రచారంలోకి తెచ్చాడు. రొమ్ము, దాని కింది ఛాతీ కండరాలు, చంకలోని గ్రంథులు, అన్నీ కలిపి తీసేయడమే. జబ్బు ఒక చోట పుట్టి చుట్టుపక్కలకు వరసగా పాకుతుందని, ఎంత వెడల్పుగా కోస్తే అంత భద్రమని అతని లెక్క. ప్రక్కటెముకలు బయటికి కనిపించే ఛాతీతో, పైకి లేవని చేతితో, ఉబ్బిన భుజంతో లక్షల మంది ఆడవాళ్లు బతికారు. ఎనిమిది దశాబ్దాల పాటు దాన్ని పెద్దగా ఎవరూ ప్రశ్నించలేదు. ప్రశ్నించిన సర్జన్లను తోటివాళ్లే వెలేసినంత పని చేశారు.

పిట్స్‌బర్గ్‌లో బెర్నార్డ్ ఫిషర్, మిలాన్‌లో ఉంబెర్టో వెరోనేసి ఆ లెక్కను పరీక్షకు పెట్టారు. వెరోనేసి 1973లో మొదలుపెట్టి 701 మందిని రెండు వర్గాలు చేశాడు. సగం మందికి హాల్‌స్టెడ్ ఆపరేషన్, సగం మందికి గడ్డ ఉన్న భాగం మాత్రమే తీసి రేడియేషన్. ఫిషర్ బృందం 1976లో మొదలుపెట్టి 1,851 మందిని ఇరవై ఏళ్లు అనుసరించింది. 2002 అక్టోబరులో రెండు అధ్యయనాల ఇరవై ఏళ్ల ఫలితాలూ ఒకే పత్రిక ఒకే సంచికలో వచ్చాయి. రొమ్ము మొత్తం తీయించుకున్నవాళ్లూ, గడ్డ మాత్రం తీయించుకుని రేడియేషన్ పెట్టించుకున్నవాళ్లూ సమానంగా బతికారు. ఫిషర్, వెరోనేసి పేర్లు పాఠ్యపుస్తకాల్లో ఉన్నాయి. చీటీలో ఏ చికిత్స వస్తే అదే చేయించుకుంటామని ఒప్పుకున్న ఆ రెండున్నర వేల మంది పేర్లు ఎక్కడా లేవు. మనింటి ఆడబిడ్డకు ఇవాళ ఎంచుకునే వీలుందంటే అది ముక్కూ మొహం తెలియని వాళ్లు పెట్టిన భిక్ష. దాన్ని అయిదు నిమిషాల్లో, ఆమెకు తెలియకుండా పారేసే హక్కు వరండాకు ఎవరిచ్చారు?

అమెరికాలోనే 1970ల దాకా ఇంకో పద్ధతి ఉండేది. ముక్క పరీక్షకని మత్తు ఇచ్చేవారు. ఆమె బల్ల మీద ఉండగానే ముక్కను పరీక్షించి, క్యాన్సరైతే అప్పటికప్పుడే రొమ్ము తీసేసేవారు. కళ్లు తెరిచి, కట్టు సైజు చూసి తెలుసుకోవాలి తనకేం జబ్బో. రోజ్ కుష్నర్ అనే పత్రికా రచయిత్రి 1974లో తనకు గడ్డ కనిపించినప్పుడు దీనికి ఒప్పుకోనంది. ముందు పరీక్ష, తర్వాత నాతో మాట, ఆ తర్వాతే ఆపరేషన్ అని పట్టుబట్టింది. ఒప్పుకునే సర్జన్ కోసం ఎక్కే గుమ్మం దిగే గుమ్మం తిరిగింది, తర్వాత దాని మీద పుస్తకం రాసింది. 1979లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల నిపుణుల సమావేశం పరీక్షనూ ఆపరేషన్‌నూ వేరు చేయాలని తేల్చింది. ఆ సమావేశంలో ఆమె కూడా ఉంది.

మన వరండాల్లో ఇంకా 1974 నడుస్తోంది.

చట్టం సంగతి కూడా చెప్పాలి. పరీక్ష కోసమని మత్తు ఇచ్చిన ఒక మహిళకు, ఆమె స్పృహలో లేనప్పుడు బయట కూర్చున్న తల్లి సంతకం తీసుకుని గర్భసంచీ, అండాశయాలూ తీసేసిన కేసులో 2008లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆలోచించగల వయోజనురాలి తరఫున తల్లి సంతకం చెల్లదని, పరీక్షకు ఒప్పుకుంటే తీసివేతకు ఒప్పుకున్నట్టు కాదని, వేరే మార్గాలేమున్నాయో చెప్పాకే సమ్మతి తీసుకోవాలని స్పష్టం చేసింది. మరి మొగుడి సంతకం ఏ చట్టం కింద చెల్లుతోంది? ఆసుపత్రుల్లో దీన్ని చాలామంది చూసీ చూడనట్టు పోనిస్తారు, ఎందుకంటే రేపు గొడవ చేసేది వరండానే గాని మంచం మీది మనిషి కాదు. డాక్టర్లకు నేను విన్నవించేది ఇంతే: వరండాను పంపించేసి ఆమెతో పది నిమిషాలు కూర్చోండి. అంత తీరిక లేకపోతే నర్సమ్మతోనో, అప్పటికే ఈ వైద్యం చేయించుకుని తిరుగుతున్న ఇంకో ఆమెతోనో మాట్లాడించండి. ఎంత తెలుసుకోవాలని ఉందో ముందు ఆమెనే అడగండి. కొందరు "నాకు వద్దు నాయనా, మీరే చూసుకోండి" అంటారు. అది కూడా ఆమె నోటి నుంచే రావాలి.

ఆమెతో మాట్లాడాల్సినవి పెద్ద పెద్ద శాస్త్రాలేమీ కావు. గడ్డ మాత్రం, చుట్టూ కాస్త మంచి కండతో సహా తీసి రొమ్ము నిలబెట్టవచ్చు. అప్పుడు రేడియేషన్ తప్పనిసరిగా కావాలి. ఫిషర్ అధ్యయనంలో గడ్డ తీశాక రేడియేషన్ పెట్టించుకోని వాళ్లలో నూటికి 39 మందికి అదే రొమ్ములో జబ్బు తిరగబెట్టింది, పెట్టించుకున్న వాళ్లలో 14 మందికి. లేదా రొమ్ము మొత్తం తీయించుకోవచ్చు. తొలి దశలో చాలామందికి అప్పుడు రేడియేషన్ అవసరం పడదు. మొత్తం తీయించుకోవడం తప్పేమీ కాదని గట్టిగా చెప్పాలి. ఒకే రొమ్ములో వేర్వేరు చోట్ల గడ్డలున్నా, వంశపారంపర్య జన్యులోపం బయటపడినా, గర్భం తొలి నెలల్లో ఉన్నా అదే మేలు కావచ్చు. రొమ్ము ఉంటే ప్రతి రాత్రీ భయంతో తడుముకుంటూ కూర్చుంటాను, వద్దు, తీసేయండి అనే మనిషికి కూడా అదే మేలు. కానీ "వయసైపోయింది, ఇంకా ఎందుకు ఆమెకది?" అని మరిది అనకూడదు. యాభై అయిదేళ్ల ఆడదానికి తన ఒళ్లు తనకెందుకో చెప్పుకోవాల్సిన పని లేదు.

చంక సంగతి మన వాళ్లలో ఎవరూ అడగరు, అడగాల్సింది మాత్రం అదే. ఇదివరకు చంకలోని గ్రంథులన్నీ ఊడ్చి తీసేసేవారు. కొందరికి ఆ చెయ్యి జీవితాంతం వాచిపోయేది. గాజు ఎక్కదు, జాకెట్టు పట్టదు, బిందె ఎత్తలేదు, కలుపు తీయలేదు. ఇప్పుడు తొలి దశలో, గ్రంథులు పైకి మామూలుగా ఉన్నప్పుడు, నీలిరంగు మందో రేడియోధార్మిక మందో ఎక్కించి, రొమ్ము నుంచి వచ్చే నీరు మొదట చేరే రెండు మూడు గ్రంథులనే తీసి పరీక్షిస్తారు. అవి శుభ్రంగా ఉంటే మిగతావాటి జోలికి పోరు. కూలికి వెళ్లే మనిషికి చెయ్యంటే అన్నం. "ఆ పరీక్ష మీ దగ్గర చేస్తారా అండీ?" అని ఆపరేషన్‌కు ముందు ఒక్క మాట అడగడానికి ఇంగ్లీషు రానక్కర్లేదు.

ఆ తర్వాత మందులు. గడ్డ తీరును బట్టి అవి మారతాయి. ముక్క పరీక్షలోనే హార్మోన్ రిసెప్టర్లున్నాయా, హెర్2 అనే ప్రొటీన్ ఎక్కువగా ఉందా అని చూస్తారు. ఆ రిపోర్టు రాకుండా ఏ వైద్యమూ ఖాయం చేయనివ్వకండి. హెర్2 ఎక్కువగా ఉన్న తొలి దశ వాళ్లకు ట్రాస్టుజుమాబ్ ఇస్తే తిరగబెట్టే ప్రమాదం సగానికి దగ్గరగా తగ్గుతుందని 2005లో తేలింది. ఖరీదైన మందు. 2014 మొదట్లో బెంగళూరు బయోకాన్ దీనికి దేశీయ రూపం తెచ్చాక కొంత అందుబాటులోకొచ్చింది. కీమో అందరికీ అక్కర్లేదు, అక్కర్లేని వాళ్లెవరో గుర్తించే జన్యు పరీక్షలున్నాయి, అవి చాలామంది అందుకోలేని ధరలో ఉన్నాయి. పిల్లలు కావాలనుకునే వయసులో ఉన్న అమ్మాయికి కీమోకు ముందే అండాలు దాచుకునే వీలుందని చెప్పాలి. మన దగ్గర ఈ జబ్బు పాశ్చాత్య దేశాల కన్నా దాదాపు పదేళ్లు ముందే వస్తోంది కనుక ఆ అమ్మాయి అరుదైన మనిషేమీ కాదు.

నేను ఎక్కువ చెప్పాలనుకున్నది టామోక్సిఫెన్ గురించి. చిన్న మాత్ర, కొద్ది రూపాయలు, రోజుకొకటి. హార్మోన్ రిసెప్టర్లున్న వాళ్లు అయిదేళ్లు మానకుండా వేసుకుంటే, మొదలుపెట్టిన నాటి నుంచి పదిహేనేళ్లలో ఆ జబ్బుతో పోయే ప్రమాదం దాదాపు మూడో వంతు తగ్గుతుంది. నెలసరి ఆగిన వాళ్లకు లెట్రోజోల్, అనస్ట్రోజోల్ లాంటివి. లక్షలు పోసిన కీమోకు ఏమాత్రం తీసిపోని పని ఈ మాత్ర చేస్తుంది. అయినా ఎక్కువ మంది మధ్యలో వదిలేసేది దీన్నే. ఒంట్లో ఆవిర్లు, కీళ్ల నొప్పులు, నిద్ర లేకపోవడం. వాటి గురించి ఇంట్లో చెబితే "ఇంకా ఏంటి నీకు, తగ్గిపోయిందిగా" అంటారు. ఆపరేషన్ రోజున కొబ్బరి బోండాలతో, బత్తాయిలతో ఆసుపత్రి గది నింపిన చుట్టాల్లో మూడో ఏడు ఆమెకు ఫోన్ చేసి "వదినా, మాత్ర వేసుకుంటున్నావా, ఒంట్లో ఎలా ఉంది?" అని అడిగినవాళ్లు ఎందరు? పెళ్లిరోజు గుర్తు పెట్టుకుని వాట్సాప్‌లో పూలు పంపే మనం, చీటీ పాట తేదీ మరవని మనం. అడిగితే డబ్బు ఖర్చు కాదు. మాత్ర మానేసి, ఆ సంగతి సిగ్గుపడి దాచుకునే మనిషికి మళ్లీ మొదలుపెట్టే ధైర్యం వస్తుంది. ఆవిర్లకు కూడా మందులున్నాయి, మాత్ర మార్చే వీలుంది. డాక్టరును అడగాలంతే.

కొన్ని అబద్ధాలను మనమే మోస్తున్నాం. సూది గుచ్చితే పాకుతుందట, కత్తి తగిలితే రెచ్చిపోతుందట. ముక్క పరీక్ష వల్ల జబ్బు ముదరదు. పరీక్ష లేకుండా వైద్యమే లేదు. పాకిందేమో అనిపించేది ఆలస్యం వల్ల, ఆ నింద సూది మీద పడుతుంది. ఆమె తిన్న కంచం వేరు పెట్టడం ఇంకొకటి. ఇది అంటుకునే జబ్బు కాదు. బయటి నుంచి యంత్రంతో పెట్టే రేడియేషన్ ఆమె ఒంట్లో నిలవ ఉండదు, ఆ పూటే మనవడిని ఒళ్లో కూర్చోబెట్టుకోవచ్చు.

ఇక పెళ్లి సంబంధాల సంగతి. అమ్మకు రొమ్ము క్యాన్సరని తెలిస్తే కూతురికి సంబంధం రాదని, జబ్బు పేరు వీధి దాటనివ్వని ఇళ్లు ఎన్నో. రొమ్ము క్యాన్సర్లలో వంశపారంపర్యంగా వచ్చేవి నూటికి 5 నుంచి 10 లోపే. తక్కిన తొంభై ఇళ్లలో దాచడానికి కారణమే లేదు. ఆ కొద్ది ఇళ్లలో అయితే దాచడం మరీ అన్యాయం, ఎందుకంటే ముందుగా పరీక్ష చేయించుకుని జాగ్రత్తపడే అవకాశం ఆ కూతురికే పోతుంది. తప్పు దాచేవాళ్లది మాత్రమే అనను. మధ్యవర్తి చెవిలో "వాళ్లమ్మకు ఏదో పెద్ద జబ్బట" అని ఊదినవాళ్లది, విని వెనక్కి తగ్గినవాళ్లది కూడా. కొడుకుల తల్లులారా, ఈ సంగతిలో మీరు ఒక్క మాటంటే ఊరు మారుతుంది. "వాళ్లమ్మ పోరాడి బతికింది, ఆ ఇంటి పిల్ల నాకిష్టం" అని పదిమందిలో అనండి.

పరిశోధన అంటే ఎక్కడో దూరదేశాల్లో జరిగేదని, ఖరీదైన మందులే మేలు చేస్తాయని మనకో నమ్మకం. ముంబై టాటా మెమోరియల్ ఆధ్వర్యంలో రాజేంద్ర బడ్వే బృందం 1,600 మంది తొలి దశ రోగులతో చేసిన అధ్యయనం 2023లో ప్రచురితమైంది. కోతకు ముందు గడ్డ చుట్టూ మామూలు తిమ్మిరి మందు, పంటి డాక్టర్లు వాడే మందు లాంటిదే, ఇంజక్షన్ చేశారు. అయిదేళ్ల తర్వాత బతికున్నవాళ్లు ఇంజక్షన్ చేసిన వర్గంలో నూటికి 90, చేయని వర్గంలో 86. ఆ మందుకయ్యే ఖర్చు ఆసుపత్రి బయట రెండు పూటల భోజనం కన్నా తక్కువ. దాని ప్రచారానికి మందుల కంపెనీల ప్రతినిధులెవరూ తిరగరు. రోగుల బంధువులు అడగాలి, సర్జన్లు చదవాలి, ఆరోగ్యశ్రీ ప్యాకేజీలు రాసేవాళ్ల బల్ల మీదికి ఆ కాగితం చేరాలి.

ముంబైలోనే ఇంద్రనీల్ మిత్ర బృందం ఇరవై ఏళ్లు నడిపిన ఇంకో పని 2021లో వెలుగు చూసింది. మురికివాడల్లో దాదాపు లక్షన్నర మంది ఆడవాళ్లను రెండు వర్గాలు చేసి, ఒక వర్గానికి శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకోసారి చేత్తో రొమ్ము పరీక్ష చేశారు. మామోగ్రామ్ లేదు, పెద్ద యంత్రాల్లేవు. యాభై దాటిన వాళ్లలో రొమ్ము క్యాన్సర్ మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. అంతకన్నా చిన్న వయసువాళ్లలో ఆ మేర ఫలితం రాలేదు. అయినా చేతులతో ఇంత సాధ్యమని తేలింది. మన పల్లెల్లో ముప్పై దాటిన ప్రతి స్త్రీకీ నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం పరీక్షలు చేయాలని కేంద్ర కార్యక్రమం ఉంది. ఏఎన్ఎం వచ్చినప్పుడు "నాకేం లేదులే అమ్మా, రాసేసుకో" అని పంపించేసే ఇల్లాలు, "సరే" అని టిక్ పెట్టుకుపోయే ఏఎన్ఎం, లెక్క నిండిందని సంతోషించే అధికారి, ముగ్గురూ కలిసి ఒక గడ్డను ఇంకో ఏడాది పెరగనిస్తారు. డ్వాక్రా సంఘం మీటింగులో అప్పు కిస్తీల లెక్కయ్యాక తలుపు వేసి, ఏఎన్ఎమ్మను కూర్చోబెట్టి ఒక పూట ఈ పని చేయించడం ఏ జీవో రాకుండానే మొదలుపెట్టవచ్చు.

చివరిగా కరెంటు సంగతి. మన వాళ్లు రేడియేషన్‌ను కరెంటు పెట్టడమంటారు. గడ్డ మాత్రం తీయించుకుని రొమ్ము నిలుపుకోవాలంటే ఇది తప్పదని పైన చెప్పాను. ఆ యంత్రాలు హైదరాబాద్, విశాఖ, విజయవాడ, గుంటూరు, తిరుపతి లాంటి పెద్ద ఊళ్లలోనే ఉంటాయి. ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్ మూడొందల కిలోమీటర్లు. ఒక్కో సిట్టింగ్ పట్టేది కొద్ది నిమిషాలే, నొప్పి ఉండదు, కానీ వారానికి అయిదు రోజులు వెళ్లాలి. ఆరోగ్యశ్రీ యంత్రం ఖర్చు భరిస్తుంది. ఆమె ఎక్కడ పడుకుంటుంది, ఏం తింటుంది, ఇంటి దగ్గర గేదె పాలెవరు పిండుతారు, పదో తరగతి పిల్లకు డబ్బా ఎవరు కడతారు అన్నవి ఏ ప్యాకేజీలోనూ లేవు. నిజం చెప్పాలంటే ఎన్నో రొమ్ములు జబ్బు వల్ల పోవడం లేదు, పట్నంలో తలదాచుకునే చోటు లేక పోతున్నాయి. "అన్ని రోజులు తిరగలేం సార్, తీసేయండి" అన్నది బీదవాళ్లకు వైద్య నిర్ణయం కాదు, బస్సు ఛార్జీల నిర్ణయం.

ఒకప్పుడు ఇరవై అయిదు సిట్టింగులు, అయిదు వారాలు పట్టేది. బ్రిటన్‌లో జరిగిన పెద్ద అధ్యయనాల తర్వాత పదిహేను సిట్టింగులు, మూడు వారాలు సరిపోతాయని తేలింది. 2020లో అక్కడే వచ్చిన ఇంకో అధ్యయనం అయిదు సిట్టింగులతో, ఒక్క వారంలో ముగించవచ్చని చూపింది. ఆమెకు తక్కువ సిట్టింగుల పద్ధతి పనికొస్తుందా అని డాక్టరును అడగండి. ప్రభుత్వాన్ని యంత్రాలు అడుగుదాం, క్యాన్సర్ ఆసుపత్రుల పక్కన సత్రాలు అడుగుదాం, ఓటుకొచ్చినప్పుడు గట్టిగానే అడుగుదాం. అవి వచ్చేలోగా మన దగ్గర ఒకటి ఉంది. హైదరాబాద్‌లో, విశాఖలో రెండు పడక గదుల ఇళ్లున్న వాళ్లం మనలో లక్షల మందిమి. దసరాకు, పెళ్లిళ్లకు పదిమందికి పరుపులేసే ఇళ్లే. ఊరి నుంచి పిన్నికో, పాలేరు భార్యకో, ఒకే బడిలో చదువుకున్న స్నేహితురాలికో మూడు వారాలు ఒక గది ఇవ్వగలమా? డల్లాస్ కొడుకు కూడా వరండాలోకి ఫోన్‌లో తీర్పులు చెప్పే బదులు ఆ మూడు వారాలకు ఆసుపత్రి దగ్గర ఒక గది అద్దెకు తీసుకోవచ్చు, తన తల్లికి పనయ్యాక దాన్ని ఇంకో తల్లికి వదలొచ్చు. ఊళ్లో ఉన్నవాళ్లు గేదె సంగతి, పిల్ల డబ్బా సంగతి వంతులేసుకోవచ్చు. కోతలప్పుడు మార్పిడి కూలికి వెళ్లిన ఊళ్లకు వంతులు కొత్త కావు.

సిట్టింగులు సోమవారం మొదలవుతాయి. ఆమె వెంట ఆసుపత్రికి మొదటి వారం ఎవరు వెళ్తారు, రెండో వారం ఎవరు వెళ్తారో ఆదివారమే కూర్చుని రాసుకోండి, ఆమెను కూడా కూర్చోబెట్టుకుని.